మంచి కాలి మీద ఇంటూ మార్కు

డెబ్బై తొమ్మిదేళ్ల వడ్రంగి స్టూలు మీద నుంచి పడి ఎడమ తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ స్టూలు తను చేసింది కాదని, బజార్లో కొన్నదని వార్డులో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకున్నాడు. నొప్పినైతే పళ్ల బిగువున ఓర్చుకున్నాడు గానీ, మంచం మీదే బెడ్‌పాన్ పెట్టడం ఆయనకు తల కొట్టేసినట్టుంది. "రేపు ఆపరేషన్ చేస్తే ఎల్లుండే నిలబెడతాం. ఆలస్యమైతే మంచం దిగడం కష్టం" అంది డాక్టరమ్మ. ఆయన ప్రాణమంతా ఆ ఎల్లుండి మీదే పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నర్సు ఎడమ తొడ మీద బాణం గుర్తు గీసి, పెన్ను బల్ల మీద మరిచిపోయింది. పెద్దాయన చెయ్యి ఊరుకుంటుందా? ఆయన కొట్లో రంపం తగలకూడని చెక్క మీద ఇంటూ మార్కు వెయ్యడం అరవై ఏళ్ల అలవాటు. కుడి తొడ మీద ఇంత లావున ఇంటూ వేసి నిశ్చింతగా పడుకున్నాడు.

ఆపరేషన్ గది గుమ్మంలో దుప్పటి తీసేసరికి రెండు కాళ్ల మీదా గుర్తులే. అంతా ఎక్కడికక్కడ ఆగిపోయింది.

"ఇదెవరు గీశారు?" అంది డాక్టరమ్మ.

"నేనేనమ్మా. ఆ కాలు ముట్టుకోవద్దని! మా కొట్లో అందరికీ తెలుసు."

"ఇది మీ కొట్టు కాదు తాతగారూ! కాగితాలూ ఎక్స్‌రేలూ మళ్లీ మొదటినుంచీ చూడాలి. ఈలోగా ఇంకొకరిని తీసుకుంటాం."

గుమ్మందాకా వెంట వచ్చిన భార్య నెత్తి కొట్టుకుంది. "చాలా, నీ అతితెలివి? ఇక పడుకో. బతికినన్నాళ్లూ నేనే బెడ్‌పాన్ పెడతాను." ఆయన మారు మాట్లాడలేదు. పెళ్లయ్యాక ఆ వింత ఆమె చూడటం అదే మొదలు.

మధ్యాహ్నం రెండు గంటలకు పిలుపొచ్చింది. నడుముకు మత్తు సూది వేశారు గానీ ఆయన మెలకువగానే ఉన్నాడు. తెర అవతల సుత్తి దెబ్బ వినగానే ప్రాణం లేచొచ్చింది.

"రాడ్డు సూటిగా దిగుతోంది తల్లీ, చప్పుడు బాగుంది."

"తాతగారూ, ఇంటూ వెయ్యాల్సింది మీ నోటి మీద" అంది డాక్టరమ్మ.

మర్నాడు చేతికి వాకర్ ఇచ్చేసరికి మాత్రం భయమేసింది. "ఇంకొక్క రోజు ఆరనివ్వండి" అని బతిమాలాడు. భార్య జబ్బ పట్టుకుని లేపింది. పన్నెండు అడుగులకు పది నిమిషాలు పట్టింది. బాత్రూం చేరాడు.

"నువ్వు బయటే ఉండవే."

"ఉంటాలే. తలుపు మొత్తం వేసెయ్యకు" అంటూ ఆమె సందులో కాలు అడ్డం పెట్టి, మొహం అటు తిప్పుకుంది.

లోపల గోడ కమ్మీ పట్టుకుని, మూడు రోజుల తర్వాత తన కాళ్ల మీద తను నిలబడిన ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. బయట ఆమె విననట్టే ఉంది. కాలు మాత్రం సందులోంచి తియ్యలేదు.