అమ్మ ఊరిని ఒడ్డుకు చేర్చిన ఘనుడు

మా అమ్మ పుట్టిన ఊరిని నేను ఒక్క వేలితో ఎత్తి పక్కన పెట్టేశాను. బుల్‌డోజర్లు లేవు, కలెక్టరు ఆర్డరు లేదు. కర్నూల్లో మా డాబా మీద లుంగీ కట్టుకుని కూర్చుని, బొరుగులు నములుతూ ఆ మహత్కార్యం పూర్తి చేశాను. దాని పుణ్యమా అని ఒక పసివాడి తల కాకూడని చోట నున్నగయింది, సుంకులమ్మ మొక్కు గాల్లో వేలాడింది, నాకు బంధువులందరి ఎదుటా జరగాల్సిన శాస్తి జరిగింది. చదవబోయేవాళ్లు కాస్త గుండె దిటవు చేసుకోండి. నవ్వేవాళ్లు మాత్రం నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు, మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

అప్పటికి నాకు డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. ఈ రెంటికీ మధ్య ఉండే ఖాళీలో మనిషికి ఏదో ఒక జబ్బు పట్టుకుంటుంది. నాకు మ్యాపుల జబ్బు పట్టుకుంది. ఫోన్లో మ్యాపు తెరిచి ఏ పేరు మీద వేలు పెట్టినా, ‘ఇది పాతబడిందా? మీరే సరిచేయండి’ అని అడుగుతుంది. అంత మర్యాదగా నన్ను అప్పటిదాకా ఎవరూ ఏదీ అడగలేదు. సరిచేసిన కొద్దీ పేరు పక్కన చుక్కలు ఇస్తుంది. ఆ చుక్కలు చూపిస్తే కొట్టువాడు ఉప్పు ప్యాకెట్టు కూడా ఇవ్వడు. అయినా ఒక్కో చుక్క పడినప్పుడల్లా తహసీల్దారుగా ప్రమోషను వచ్చినంత సంబరంగా ఉండేది.

మొదట మా వీధి చివరి సినిమా హాలు మీద చెయ్యి చేసుకున్నాను. హాలు ఎప్పుడో మూతపడి సిమెంటు గోడౌనయింది. మ్యాపులో మాత్రం ఇంకా హాలే. నేను ఆ పేరు చెరిపేసి గోడౌనని రాశాను. వారం తిరగకుండానే మా వీధి ఆటో భాయ్ నన్ను ఆపాడు.

“ఏమప్పా, హాలు తీసేసింది నువ్వేనంట?”

“హాలు లేదు కదా భాయ్. అది పాత పేరు.”

“లేకపోతే లేకపాయె. దిగేటోళ్లంతా హాలు కాడనే కదా దిగేది? గోడౌను కాడ దింపమని నన్ను ఇంతవరకు ఒక్కడన్నా అడిగినాడా?”

ఆయన చెప్పింది చెవికెక్కించుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. కానీ చుక్కలున్నవాడు ఆటో నడిపేవాడి మాట వింటాడా? వినలేదు. ఆ మత్తులోనే ఒకరోజు కృష్ణానది మీద వేలు జరుపుతుంటే, నీళ్ల నడిమధ్య ఒక పేరు కనిపించింది: నల్లగుండ్లపల్లె.

అది మా అమ్మ ఊరు. శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు నది వెనక్కి ఎగదన్ని ముంచేసిన ఊళ్లలో అదొకటి. అప్పటికి అమ్మ లంగా ఓణీల్లో ఉంది. ఊరివాళ్లు చాలామంది నందికొట్కూరు వైపు, గట్టు మీద కట్టిన కాలనీకి పోయారు. కాలనీ పేరు కూడా నల్లగుండ్లపల్లే. మా తాత మాత్రం కర్నూలు చేరాడు. కారణం ఓబులేసు వాళ్ల నాయన. ఊరి దేవత సుంకులమ్మ దేవర జాతరలో మొదటి పొంగలి కుండ ఎవరు దించాలన్న దాని మీద ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. ఊరు మునిగింది, గొడవ మునగలేదు. తాతలు పోయాక ఆ పగ ఇటు మా అమ్మ లింగమ్మకూ అటు ఓబులేసుకూ వచ్చింది. అమ్మ ఆ కాలనీలో ఒక్కనాడూ అడుగు పెట్టలేదు. మేము కూడా ఆ దారి తొక్కలేదు.

ఇక నా బుర్ర ఎలా పని చేసిందో చూడండి. జనమంతా గట్టు మీద ఉంటే ఊరి పేరు నీళ్లలో ఉండటమేమిటి? ఎవడో మతిలేనివాడు నది మధ్యలో ఊరు పెట్టి పోయాడు. మా అమ్మ ఊరికి ఇంత అవమానమా? పేరు పట్టుకుని బయటికి లాగాను. పైనుంచి తీసిన ఫొటోలో కాలనీ అంతటా వెతికి, అన్నిటికన్నా పెద్ద వాకిలి, ముందు నాలుగైదు బండ్లు ఆగి ఉన్న ఇల్లు చూసి, ఊరి నడిబొడ్డు ఇదే అయ్యుంటుందని అక్కడ దించాను. చుక్క పడింది. ఊరిని ఒడ్డుకు చేర్చిన ఘనత నాదేనని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఇప్పుడు మా అక్క సంగతి చెప్పాలి. అక్క రాజేశ్వరిని బెంగళూరులో ఇచ్చాం. దాని కొడుకు పుట్టిన కొత్తలో జ్వరం వచ్చి చేతికి అందకుండా పోయేట్టున్నప్పుడు, బిడ్డ దక్కితే పుట్టువెంట్రుకలు పాతూరి సుంకులమ్మకే ఇస్తామని మొక్కుకుంది. బిడ్డ దక్కాడు. అమ్మవారే దొరకలేదు. ఊరు ఖాళీ చేసేటప్పుడు పూనకంలో “నేను కదలను” అందట ఆ తల్లి. అందుకని ఆమె రాయి పాతూర్లోనే ఉండిపోయింది. ఎండాకాలంలో నీళ్లు బాగా తగ్గితేనే దర్శనం. రెండు ఎండాకాలాలు నీళ్లు తగ్గనే లేదు. పిల్లవాడి జుట్టు భుజాలు దాటింది. అక్క రెండు జడలేసి రిబ్బన్లు కట్టేది. బెంగళూరులో పక్కింటావిడ వాడి పుట్టినరోజుకి గౌను కొనిచ్చింది. ఆ కుటుంబం మొత్తం నది ఎప్పుడు ఎండుతుందా అని ఎదురుచూసిందంటే మీరు అర్థం చేసుకోవాలి.

మూడో ఏడు నీళ్లు తగ్గాయి, గుడి బయటపడింది. అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అక్కకు ఫోన్ చేసి, దారి చెప్పి, ముహూర్తం పెట్టించింది. గుండు కొట్టే నరసింహులును నందికొట్కూరులో ఎక్కించుకుని వాళ్లు నేరుగా వ్యానులో వస్తారు. మేనమామను కాబట్టి పిల్లవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవాల్సింది నేను. గుడి శుభ్రం చేయడానికి అమ్మా నేనూ తెల్లవారకముందే ట్రాక్టరులో పోయాం. దారి అమ్మకు తెలుసు. ఎదురుగా ఉన్న కొండను ఎడమ భుజానికి పెట్టుకుని పొమ్మనేది, ట్రాక్టరాయన భుజం తిప్పుకుంటూ నడిపేవాడు.

బీటలు వారిన ఒండ్రు మట్టి, మొండిగోడలు, పైకప్పు లేని గుడి, లోపల నడుమెత్తు రాయి. ఆ రాయికి పసుపు పూస్తూ అమ్మ కళ్లు తుడుచుకుంది. ఎండ ఎక్కింది. వ్యాను రాలేదు. ముహూర్తం దగ్గరపడింది. వ్యాను రాలేదు. ఫోనుకు సిగ్నలు లేదు. చివరికి ట్రాక్టరు ఇంజను మీద నిలబడి చెయ్యి ఆకాశానికి చాపితే అక్క దొరికింది. అప్పటికే ముహూర్తం దాటిపోయింది.

“యాడుండావ్‌రా?” అంది అక్క. ఆ గొంతులో కోపం.

“ఊర్లోనే ఉండా. మీరు యాడ?”

“మేమూ ఊర్లోనే ఉండాం.”

“ఊర్లో నేనూ, అమ్మా, ట్రాక్టరాయనా తప్ప పురుగు లేదు.”

“ఈడ జనం శానామంది ఉండారు. మజ్జిగ కూడా ఇస్తాండారు.”

“అక్కా, నీకు నీళ్లు కనపడతాండాయా?”

“కనపడతాండాయి.”

“ఎంత దూరంలో?”

“ఈడే, కుళాయి కాడ.”

నా కాళ్ల కింద ఇంజను వేడెక్కిందో, నా కాళ్లే చల్లబడ్డాయో తెలియలేదు. “మీకు దారి ఎవరు చెప్పినారు?” అన్నాను.

“అమ్మే. ఫోన్లో ఊరి పేరు కొట్టి వచ్చేయమనింది. కొట్టినాం, వచ్చినాం. నీళ్లు తగ్గి ఊరు ఇట్ల బయటపడిందనుకున్నాం. గుండు కూడా అయిపాయె. నువ్వు రాకపోతే ముహూర్తం ఆగుతాదా?”

సిగ్నలు పోయింది. నేను ఇంజను దిగి, అమ్మ దగ్గరికి పోయి, చేసిన ఘనకార్యం చెప్పాను. ఊరికే చెప్పి ఊరుకోవచ్చు కదా. తప్పు నా మీద పడకుండా ముందొక మాట అతికించాను.

“ఎవడో మతిలేనోడు ఊరి పేరు తెచ్చి నీళ్ల మధ్యలో పెట్టినాడమ్మా. నేను దాన్ని కాలనీలోకి మార్చినా.”

అమ్మ పసుపు చేతులు అలాగే పెట్టుకుని నన్ను చూసింది.

“ఆ మతిలేనిది నేనేరా.”

“నువ్వా?”

“పోయినసారి నీళ్లు తగ్గినప్పుడు ఈడికొచ్చి, మా పొయ్యి ఉండిన చోట నిలబడి పెట్టినా. ఫోను నొక్కేది నువ్వే కదరా నేర్పిచ్చింది. నేను పోయినాక మీరు దారి తెలీక తిరుక్కుంటారని పెట్టినా.”

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అమ్మ ఇంకా తిడుతుందని ఆపుకున్నాను. ఆవిడ తిట్టలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

మధ్యాహ్నానికి దూరంగా దుమ్ము లేచింది. ముందు ఒక మోటారు సైకిలు, వెనక వ్యాను. మోటారు సైకిలు మీద పెద్దాయన, తెల్ల చొక్కా, మెడలో తువ్వాలు. అమ్మ చూసి, “ఓబులేసు” అని ముఖం తిప్పుకుంది. అప్పుడు తెలిసింది, నేను ఊరి నడిబొడ్డనుకుని ఎంచుకున్న వాకిలి ఓబులేసుదని.

జరిగింది ఇది. ఓబులేసు ఇంట్లో అంతకుముందు రోజే కూతురి పెళ్లయింది. లారీలు గోడకు తగలకుండా గేటు పక్కన పాతిన రాయికి కూడా ఆ సందడిలో ఎవరో పసుపు కుంకుమలు పూశారు. గుడికి కప్పు లేదు, పసుపు పూసిన రాయి ఉంటుంది, అదే అమ్మవారని మా అమ్మ ఫోన్లో చెప్పి ఉంది. వ్యాను దిగగానే బావకు ఆ రాయి కనపడింది. చెప్పులు విప్పి సాష్టాంగపడ్డాడు.

“మా గేటు రాయికి దండం పెడతాండారే అని నేను బిత్తరపోయినా,” అన్నాడు ఓబులేసు, వ్యాను నీడలో నిలబడి, మా అమ్మను సూటిగా చూడకుండా. “బెంగళూరోళ్లు కదా, వాళ్ల పద్ధతేమో అనుకున్నా. ఆ పాప లింగమ్మ కూతురని తెలిసినాక ఏమనడానికి నోరు రాలే. ఇన్నేండ్లకు మా వాకిట్లోకి వచ్చినారు, గుట్టుగా రాజీకే వచ్చినారనుకున్నా. ఫోను వచ్చినాకనే సంగతి తెలిసి, దారి చూపను ముందు వచ్చినా.”

“ముహూర్తం పోతాండాది, మేనమామ రాలేదని ఏడిస్తే, ఈయనే ఒడి ఇచ్చినాడమ్మా,” అంది అక్క.

వ్యానులోంచి పిల్లవాడు దిగాడు. తలంతా గంధం. చల్లగా ఉందని తల తడుముకుంటూ నవ్వుతున్నాడు.

“వెంట్రుకలు తెచ్చినారా? అవన్నా అమ్మ పాదాల కాడ పెడదాం,” అంది అమ్మ.

అందరూ బావను చూశారు. బావ నేల చూశాడు. “మైల ఉండకూడదని పైపు పెట్టి కడిగేశాను అత్తయ్యా. కాలువలో పోయాయి.”

అక్క గుడి ముందు కూలబడింది. రెండు ఎండాకాలాలు కాచుకున్న మొక్కు ఒక మురుగు కాలువలో కొట్టుకుపోయింది. అప్పుడు నరసింహులు కత్తి తుడుచుకుంటూ, ఇంకో ఊర్లో ఇంకో గుండు ఉందన్న తొందరలో, ఒక ధర్మసందేహం వెలిబుచ్చాడు.

“మొక్కింది ఆ బిడ్డ మీద. బిడ్డ తరఫున మేనమామ తలకాయ ఇస్తే అమ్మ వద్దంటాదా? ఆ తలకాయ నిండుగానే ఉండాది.”

అందరి చూపులూ నా నెత్తి మీద వాలాయి. నా జుట్టు గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. దానికి నేను చేసిన సేవ మా అమ్మకు చేయలేదు. పైగా ఆ వారమే కడపలో నాకు పెళ్లిచూపులు.

“నరసింహులన్నా, పెళ్లిచూపులు ఉండాయి,” అన్నాను.

“గుండుతో పో. ఇంతకంటే బాగుండే వరుడు కాదులే నువ్వు,” అంది అక్క, కళ్లు తుడుచుకుంటూనే.

నేను అక్కను చూశాను, దాని పక్కన మట్టి గీకుతున్న పిల్లవాణ్ణి చూశాను. ఇంకేమనగలను? పోయి అమ్మవారి ముందు కూర్చోబోయాను.

“ఒట్టి నేల మీద కాదు,” అంది అమ్మ. “వీడి పుట్టువెంట్రుకలప్పుడూ ఒడి ఇయ్యను మేనమామ లేకపాయె. నాకు తోడబుట్టినోడు లేడు.” చెంగు భుజం చుట్టూ కప్పుకుంది. తరువాత, తాతల కాలం నుంచి నోట్లో ఇరుక్కుపోయిన మాట బయటికొచ్చింది. “ఓబులన్నా, నువ్వు కూర్చో.”

ఓబులేసు తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. “చిన్నప్పుడు ఇట్లనే పిలుస్తాంటివి,” అని, గుడి మెట్టు మీద కూర్చుని, ఒడి చూపించాడు.

గడ్డం మీసం ఉన్న ఆరడుగుల మనిషిని, ఒండ్రు మట్టిలో కాళ్లు చాపుకుని, అప్పుడే దొరికిన మేనమామ ఒళ్లో కూర్చున్నాను. బావ ఫోన్లో వీడియో తీశాడు. పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. జుట్టు సుంకులమ్మ ముందు కుప్పగా పడుతుంటే, అక్కా అమ్మా చేతులు జోడించి నిలబడ్డారు. నిజం చెప్తున్నాను, ఆ ఒక్క నిమిషం నాకు జుట్టు గుర్తు రాలేదు. మొదటి పొంగలి కుండ అమ్మా ఓబులేసు మామా చెరో చెయ్యి వేసి దించారు. మా తాతలకు అంత చిన్న ఉపాయం ఎందుకు తట్టలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కర్నూలు చేరిన వెంటనే ఊరి పేరు పట్టుకుని మళ్లీ నీళ్లలోకి లాగాను. ఫోను ఒప్పుకోలేదు. అక్కడ నీళ్లున్నాయి, ఊరు ఉండే వీలు లేదు, మీ సవరణ చెల్లదు అంది. మళ్లీ పంపాను, మళ్లీ కాదంది. అమ్మకు చూపించాను.

“ఎండాకాలం వచ్చి చూసుకోమను,” అంది అమ్మ.

అదే మాట రాసి పంపాను. ఎవరు చదివారో ఏమో, ఒప్పుకున్నారు.

కావున యావన్మందికీ తెలియజేయడమేమనగా, సుంకులమ్మ తల్లి సాక్షిగా, ఆ పూటంతా నా బరువు మోసిన ఓబులేసు మామ మోకాళ్ల సాక్షిగా, నేను ఇకమీదట ఏ ఊరి పేరు మీదా వేలు పెట్టను. మూతపడిన హాలు నూరేళ్లు హాలుగానే ఉండుగాక. నది మధ్యలో బస్టాండు కనపడినా, అక్కడ ఎవరి పొయ్యి ఉండేదో కనుక్కోకుండా దాన్ని కదిలించను. కడప పెళ్లిచూపుల సంగతి అడగకండి. అమ్మాయి నన్ను చూసి ఏ మొక్కు అని అడిగింది, నేను మొత్తం చెప్పాను, ఆమె నవ్వు ఆపుకోలేక లోపలికి పోయింది. ఇప్పుడు ఈ కథ రాస్తుంటే నా భుజం మీదుగా చదువుతూ, ఒడిలో కూర్చున్న వీడియో గురించి సరిగ్గా రాయలేదని దెబ్బలాడుతున్నది ఆవిడే.