ఏలియా అన్న తీసుకోని రొట్టె

పోయిన ఏడాది ఇదే ఫేస్‌బుక్ వాల్ మీద ఒక మనిషినీ, ఆయన మందిరాన్నీ అవమానిస్తూ పోస్ట్ పెట్టాను.

తప్పు చేసింది నేను. మీలో చాలామంది లైక్ కొట్టారు. కొందరు షేర్ కూడా చేశారు.

ఆ మనిషి నిన్న పొద్దున చనిపోయాడు.

ఏలియా అన్న. హిందూపురంలో మా కిరాణా కొట్టు సరుకును ఆరేళ్లుగా రొద్దం, పెనుకొండ అంగళ్లకు చేరవేసిన లగేజ్ ఆటో ఆయనది. ధర్మవరంలో చెల్లెలి ఇంటికి పోయి, అక్కడే గుండె ఆగి పడిపోయాడు. ఆయన భార్య మరియమ్మ వదిన ఫోన్ చేసి చెప్పింది.

నేను నమ్మలేదు. "ఆటో ఈడ కొట్టు ముందరే ఉండాదే వదినా" అన్నాను.

నిజంగానే ఉంది. లోడ్ కోసం ఆటోను ఇక్కడే పెట్టి, తను బస్సులో పోయాడు.

మీకు నా సంగతి తెలుసు. కులం మీద, మూఢనమ్మకాల మీద దొరికిన చిన్న పుస్తకమల్లా చదివి, కనబడినవాళ్ల చేతిలో పెట్టేవాణ్ణి. చాలామంది వాటితో పొట్లాలు కట్టుకున్నారు. చదివింది ఏలియా అన్న ఒక్కడే. బస్తాలు ఎక్కించేలోపు సీట్లో కూర్చుని చదివి, పెన్సిల్‌తో గీతలు గీసి తెచ్చేవాడు.

"ఏమప్పా శీనా, ఇది రాసినాయప్ప ఎప్పుడన్నా మా పక్క ఊర్లకు వచ్చినాడా? టౌన్లో ఫ్యాన్ కింద కూర్చోని రాసినట్టుండాది."

నాకు కోపం వచ్చేది. ఆయనకు నవ్వు వచ్చేది.

ఒకరోజు అన్నాడు. "నీ పుస్తకాలు పది సదివినా. నువ్వు ఒక్క ఆదివారం మా మందిరానికి రా. సరికి సరి."

పోయాను. పెనుకొండ పక్కన వాళ్ల ఊరు. చర్చిలో అడుగు పెట్టడం నాకు అదే మొదటిసారి. వాదించడానికి జేబులో ఒక పుస్తకం కూడా పెట్టుకున్నాను.

రేకుల కప్పు. చాపలు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. ఫ్యాన్ కింద కూర్చున్న ముసలాయన నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. నన్ను మతం మారమని ఎవరైనా అడుగుతారేమో, అప్పుడు చెప్తాను అని కాచుకుని కూర్చున్నాను. ఎవరూ అడగలేదు.

ఆ రోజు నెల మొదటి ఆదివారం. ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. దానికి ముందు పాస్టర్ గారు, "ఎవరితోనన్నా మాట లేకుండా ఉంటే ముందు పోయి మాట్లాడుకోండి" అన్నారు. మనసులో గొడవ పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదని వాళ్ల పద్ధతి. ఆడవాళ్ల వైపు ఒకామె లేచి, ఇంకొకామె దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. డ్రామా అనుకున్నాను.

పళ్లెం మా వరసకు వచ్చింది. నేను చెయ్యి చాపాను.

ఏలియా అన్న మెల్లగా నా చేతి మీద చెయ్యి వేశాడు. "ఇది వద్దులే అప్పా. బాప్తిస్మం తీసుకున్నోళ్లకే. భోజనం అందరికీ ఉండాది."

నేను లేచి నిలబడ్డాను.

"లోపలోళ్లు, బయటోళ్లు అని మనిషిని పక్కన పెట్టేది అంటరానితనం కాదా?" అని అరిచాను. ఎవరిని అడిగానో చూడండి. తాతల కాలం నుంచి వాకిళ్ల బయట నిలబడినవాళ్లను.

పాస్టర్ గారు "కూర్చో నాయనా, అయినాక మాట్లాడుకుందాం" అన్నారు. నాకు చోటిచ్చిన ముసలాయన, "ఏమబ్బా ఏలియా, ఈ పిల్లోడి గొంతు బాగుండాది, పాటలకు పెట్టుకుందామా" అన్నాడు. నలుగురు నవ్వారు. ఎవరికీ కోపం రాకపోవడం నాకు ఇంకా కోపం తెప్పించింది.

బయటికి వచ్చేశాను. ఏలియా అన్న చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాలే వచ్చాడు. "ఎండగుండాది శీనా, తిని పో."

తినలేదు. పెనుకొండ బస్టాండులో కూర్చుని ఆ పోస్ట్ రాశాను.

మరుసటి రోజు ఆయన లోడ్‌కు వచ్చాడు. దాహమని అడిగాడు. మా అవ్వ కిటికీ వైపు చూపించింది. అక్కడ నీలం ప్లాస్టిక్ గ్లాసు ఉంటుంది. ఆయనకని పెట్టిందే. మేమెవరమూ దాన్ని ముట్టం.

అప్పటికి ఐదేళ్లుగా ఆ గ్లాసు అక్కడే ఉంది. నేనూ అక్కడే ఉన్నాను.

ఆ రోజు మొదటిసారి దాన్ని చూశాను. మందిరంలో నేను అరిచినప్పుడు ఆయన ఈ గ్లాసు గురించి ఒక్క మాట అని ఉంటే నా నోరు మూతపడేది. ఆయన అనలేదు. నీళ్లు తాగి, కడిగి, మళ్లీ కిటికీలో పెట్టాడు.

రాత్రికి పోస్ట్ డిలీట్ చేశాను. సారీ చెప్పలేదు. తర్వాత ఆయన వచ్చినప్పుడల్లా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను.

"కొత్త పుస్తకం ఏమన్నా వచ్చిందా అప్పా?"

"లేదు."

ఏడాదంతా ఇంతే.

నిన్న ఫోన్లో మరియమ్మ వదిన ఇంకో మాట చెప్పింది.

"మీ అన్న ఆ ఆదివారం నుంచి రొట్టె తీసుకోలేదు శీనా. పళ్లెం వస్తే పక్కోళ్లకు ఇచ్చేస్తాండె. తప్పు నీది కాదు కదా అని నేనంటే, 'ఆ పిల్లోడు నాతో సరిగ్గా మాట్లాడనీలే, ఆ దినం తీసుకుంటా' అంటాండె."

నెలకొకసారి. ఏడాది పొడుగునా. కొట్టులో నాకు ఎదురుగా నిలబడి, పుస్తకం వచ్చిందా అని అడిగింది అందుకే.

నిన్న సాయంత్రం అవ్వ ముందరే ఆ నీలం గ్లాసులో నీళ్లు తాగాను. ఇది చాలదని నాకు తెలుసు. ఆయన ఉండగా చేయాల్సిన పని.

ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు వాళ్ల ఊరి మందిరంలో ప్రార్థన, తర్వాత సమాధి. హిందూపురం నుంచి వచ్చేవాళ్లు ఒంటిగంటన్నరకు మా కొట్టు దగ్గరికి రండి, కలిసి పోదాం. ఆ పోస్ట్‌కు లైక్ కొట్టినవాళ్లు ముందు రండి. అప్పుడు అరిచిన చోటే నిలబడి, అంతమంది ముందర, తప్పు నాదని చెప్తాను.

పోయి రా ఏలియా అన్నా. నా మూలంగా నీకు ఆగిపోయిన రొట్టె అక్కడ నీకు అందాలి. నీ మనసు నెమ్మదిగా ఉండాలి.