మిల్లు గోడ పక్కన

కొత్తపేట మెకానిక్ తాతాజీ పాత కారు ఏదొచ్చినా ముందు బానెట్ ఎత్తడు. చెవి మీది బీడీ తీసి జేబులో వేసుకుని, పక్క సీట్లో కూర్చుని, రైసుమిల్లు గోడ వెంబడి నడపమంటాడు. కారు కింద పుట్టిన శబ్దం ఆ గోడకు తగిలి కిటికీలోంచి తిరిగొస్తుంది. బండివాళ్లు జబ్బు పేరు చెప్పబోతే విసుక్కుంటాడు. "ఎక్కడో నేను చూసుకుంటానండీ. శబ్దం ఎప్పుడొస్తుందో చెప్పండి చాలు."

మొన్న అనురాధ వచ్చింది. ఆత్రేయపురం నుంచి అమలాపురం కొట్లకు పూతరేకులు వేసే కారు ఆమెది. గేర్‌బాక్స్ పోయింది, అమ్మేసుకోమన్నారట ఎవరో. గోడ పక్కన కారు కీచుమంటూనే ఉంది. తాతాజీ కళ్లు మూసుకుని, "క్లచ్ మీంచి కాలు పూర్తిగా తీయండమ్మా" అన్నాడు. తీసింది. కీచు ఆగింది.

"గేర్‌బాక్స్ నిక్షేపంగా ఉందండీ. క్లచ్ బేరింగ్ అరిగింది, మార్చేద్దాం. ఎప్పుడూ కాలు అక్కడే ఆనించి నడుపుతున్నారు కదండీ?"

"ఆయ్. నేనొచ్చే దారి పక్కనే కాలవండి. ఎప్పుడు ఆపాల్సొస్తుందోనని భయం."

"ఆపడానికి బ్రేకుందండీ."

మర్నాడు బేరింగ్ మార్చాక మళ్లీ బయల్దేరారు. గోడ దాటి కాలవగట్టు ఎక్కారు. తాతాజీ ఈసారి కళ్లు మూసుకోలేదు, ఆమె ఎడమ కాలే చూస్తున్నాడు. అది క్లచ్ పక్కన, మ్యాట్ మీద, ఊరికే ఉంది. జేబులోంచి బీడీ తీసి మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు.