పులుసక్క బోర్డు మీది ఉప్పు మరక

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదని మా అమ్మ అంటుంది. కానీ మూడేళ్ల కిందటి నా డైరీ తెరిస్తే అందులోని పిల్ల నాకే దూరపు చుట్టంలా కనిపిస్తుంది. ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పకుండా చున్నీ సర్దుకునే పిల్ల. బస్సులో టికెట్టు అడగడానికి కూడా ముందు పెదాల మీద రెండుసార్లు అనుకుని చూసుకునే పిల్ల (ఒకసారి అలా అనుకుంటూ ఉండగానే దిగాల్సిన స్టాపు దాటిపోయింది). మనుషులతో మాట్లాడే పని లేని ఉద్యోగం కావాలని వెతికి వెతికి, కంప్యూటర్లో డిజైన్లు చేయడం నేర్చుకుని, నెల్లూరులో ఒక ఫ్లెక్సుల షాపులో చేరాను. ఫ్లెక్సుల షాపంటే పుట్టినరోజులవాళ్లు, పెళ్లివాళ్లు, కొత్త హోటళ్లవాళ్లు, అందరూ కుర్చీ లాక్కుని మన పక్కనే కూర్చుని మాట్లాడే చోటని నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

విడవలూరులో మా నాన్న నాకు ఒక నెల గడువిచ్చాడు. "నెల చూడు. కుదరకపోతే వచ్చెయ్, ఇంట్లో ఉండి పరీక్షలకి చదువుకుందువు" అన్నాడు. షాపు యజమాని (అందరూ ఆయన్ని ఫ్లెక్సన్న అనేవారు) కూడా సరిగ్గా అదే మాట అన్నాడు: "నెల చూస్తా పాపా." ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఒకే నెల. నాకు హాస్టల్లో కిటికీ పక్క మంచం దొరికింది. రెండు వీధుల అవతల లైబ్రరీ ఉంది. అక్కడ నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఇంటికి తిరిగి వెళితే రోజుకొక చుట్టం వచ్చి ఏం చేస్తున్నావని అడుగుతారు. అందుకని ఆ నెల గట్టెక్కాలని ఎంతగా కోరుకున్నానో డైరీలో పేజీలకు పేజీలు రాసి ఉంది. షాపులో మాత్రం కస్టమర్లను అడగాల్సినవన్నీ చీటీ మీద రాసి ఫ్లెక్సన్న ముందుకు తోసేదాన్ని. ఆయన చదివి, నిట్టూర్చి, నా తరఫున అడిగేవాడు.

మూడో వారంలో పులుసక్క వచ్చింది. మైపాడు బీచి దగ్గర చేపల పులుసు భోజనం పెట్టే హోటలు ఆమెది. వెంట ఆమె భర్త. ఆయన నోరు తెరవడం నాకన్నా తక్కువ. చూడగానే నాకు గౌరవం కలిగింది.

"చెక్క బోర్డు కావాలన్నా. రెండు తాళ్లకి కట్టి యాలాడదీసినట్టు ఉండాల. చూసినోళ్లు నిజం చెక్కే అనుకోవాల" అంది పులుసక్క.

మరి నిజం చెక్కే పెట్టుకోవచ్చు కదా అన్న మాట నా నోటిదాకా వచ్చి, అలవాటు ప్రకారం అక్కడే ఆగిపోయింది. ఆమె నా మొహం చదివినట్టుంది.

"పోయినసారి చెక్కదే పెట్టినాం పాపా. ఉప్పుగాలికి ఆరు నెలల్లో పగిలిపోయింది. ఇది చెక్క మాదిరి కనపడాల, చెక్క మాదిరి పాడైపోకూడదు."

చదువుకున్న పిల్లను కదా, ఇదెంత పని అనుకున్నాను. ఇంటర్నెట్లో దొరికిన చెక్క ఫోటో ఒకటి తీసుకుని పలక ఆకారంలో కత్తిరించాను. అక్షరాలు ఉలితో చెక్కినట్టు లోపలికి దిగేలా చేశాను. రెండు బెజ్జాలు, రెండు తాళ్లు, వెనక గోడ మీద నీడ. ఒక పూటలో అయిపోయింది. నాకైతే చెయ్యి పెడితే పేడు గుచ్చుకుంటుందేమో అనిపించింది. పులుసక్క కళ్లు చికిలించి చూసింది.

"మా ఆడబిడ్డ ఇంట్లో డైనింగు టేబులు ఇట్లే ఉండాది" అంది. "నున్నగా, మెరస్తా. మాది సముద్రం పక్క హోటలు పాపా. చెక్కకి కొంచెం వయసుండాల."

గీతలు, పగుళ్లు వేసి వయసు పెట్టాను. అప్పుడామె భర్త మొదటిసారి నోరు విప్పాడు.

"ఆ ముడి నిలవదు."

ఏ ముడి అని నేను కళ్లతో అడిగాను. ఆయన తెర మీద వేలు పెట్టి నా తాడు ముడిని చూపించాడు. "ఇట్ల కడితే పడవ పొద్దునకి ఉండదు. యాడికో పోతాది." ఇది బొమ్మ, దీనికి పడవ కట్టే అవసరం ఎప్పటికీ రాదు అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. మర్నాడు ఆయన జేబులో మూరెడు తాడు తెచ్చుకుని, నా కుర్చీ చేతికి ముడి వేసి చూపించాడు. దాన్ని ఫోటో తీసి బోర్డుకు అతికించాను. ఆ రోజు నుంచి డైరీలో ఆయన పేరు ముడన్న.

తర్వాత పులుసక్క పైకి చూసింది. "తాళ్లు సరే, పైన దేనికి కట్టినావు?" నా తాళ్లు బొమ్మ అంచు దాకా వెళ్లి ఆగిపోయాయి. వాటిపైన ఏమీ లేదు. "ఏమీ లేని దానికి కట్టినావా? ఎట్ల నిలబడతాది?" ఒక దూలం గీశాను. దూలం వచ్చాక నీడ నచ్చలేదు. "మా హోటలు సముద్రానికి ఎదురుగా ఉండాది. జనం వచ్చేది మధ్యాన్నం భోజనానికి. అప్పుడు ఎండ నెత్తిమీద గదా. నీడ పక్కకి ఎట్ల పడతాది?" నీడను కిందికి దించాను. "గాలికి ఊగతన్నట్టు ఉంటే బో బాగుంటాది" అంది. పలకను రవ్వంత వంచాను. "వంకరగా పోయిందే" అంది. నేను సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న చోట గాలి గురించి, ఎండ గురించి, పడవల గురించి ఏమీ చెప్పలేదు. ఆ వారం డైరీలో ఒకే వాక్యం ఉంది: 'ఈ ప్రపంచంలో చెక్క అనే పదార్థం పుట్టకుండా ఉంటే ఎంత బాగుండేది.'

పదకొండోసారి కూడా చెక్క కుదరలేదు. ఫ్లెక్సన్న తన అద్దాలు తుడుచుకుంటూ, "ఇంక వారమే ఉండాది పాపా" అన్నాడు. ఆయన అన్నది నా నెల గురించి. అందుకని ఆదివారం బస్సెక్కి మైపాడు వెళ్లాను. సముద్రం పక్కన వయసు మళ్లిన చెక్క ఎలా ఉంటుందో సముద్రం పక్కనే వెతకాలని నాకు ఆలస్యంగా తోచింది. ఇసుకలో ఒక పాత పడవ బోర్లించి ఉంది. నీలం రంగు పొరలుగా లేచిపోయింది. ఒకచోట రేకు ముక్క పెట్టి మేకులు కొట్టారు. పైనుంచి కిందికి తెల్లటి ఉప్పు మరకలు కారి ఉన్నాయి.  అంత అందమైన చెక్కను నేను అంతవరకు చూడలేదు. పడవ అవతల నీడలో ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. అడగాలి. 'అయ్యా, ఈ పడవను ఒక ఫోటో తీసుకోవచ్చా' అని పెదాల మీద అనుకుని చూసుకున్నాను. ఇంకోసారి అనుకున్నాను. మూడోసారికి ధైర్యం రాకపోగా ఉన్నది కూడా పోయింది. ఇవతలి వైపు నుంచే గబగబా ఆరు ఫోటోలు తీసుకుని, ఏదో ఎత్తుకుపోతున్నదానిలా బస్టాపుకు నడిచాను.

పన్నెండో బోర్డును చూసి పులుసక్క ఏమీ అనలేదు. అదే పెద్ద విషయం. ముడన్న మాత్రం రేకు ముక్క దగ్గర చాలాసేపు ఆగాడు. ఏదో అనబోయి మానుకున్నాడు. ఆ లక్షణం నాకు బాగా తెలుసు కాబట్టి నేను రెట్టించలేదు. ఉప్పు మరకలంటే నాకు ప్రత్యేకమైన గర్వం. వాటిని ఇంకాస్త తెల్లగా, స్పష్టంగా కనబడేలా దిద్దాను కూడా. ఫ్లెక్సు అచ్చయింది. ఇనప చట్రానికి బిగించి హోటలు చూరుకు తగిలించారు.

మర్నాడు పొద్దున్నే ఫోను. పులుసక్క గొంతు నా కుర్చీ దాకా వినిపించింది.

"మా బావ వచ్చి కూర్చోనుండాడన్నా. ఆయన పడవ చెక్క మేం కోసుకొచ్చినామంట. ఎవురిని అడిగి కోసినారని తమ్ముడిని నిలదీస్తన్నాడు."

ముడన్నకు అన్న ఉన్నాడని అప్పుడు తెలిసింది. ఇద్దరూ రెండేళ్ల కిందట వేరుపడ్డారట. పడవ అన్నకు, హోటలు జాగా తమ్ముడికి వచ్చాయి. అప్పటి నుంచి మాటల్లేవు. నా ఆరు ఫోటోలు ఆ పడవవే. రేకు ముక్క వాళ్ల నాన్న తన చేత్తో కొట్టింది. మనం మన ఇంటి గేదెను మందలో గుర్తుపట్టినట్టు వాళ్లు పడవను రేకు ముక్క చూసి గుర్తుపడతారని నాకెలా తెలుస్తుంది?

ఫ్లెక్సన్న నన్ను స్కూటరెక్కించుకుని బయలుదేరాడు. దారిలో ఒకే మాట అన్నాడు. "చీటీలు తెచ్చుకోలేదు గదా? యాడ తీసినావో నీ నోటితో నువ్వే చెప్పాల. వాళ్లు ఫ్లెక్సు విప్పి పంపించినారనుకో, నిన్ను విడవలూరు బస్సు నేనే ఎక్కిస్తా." నెలకు మూడు రోజులు తక్కువ.

హోటలు ముందు పదిమంది ఉన్నారు. ఆపాటికే ముడన్న వాళ్లన్న పడవ దగ్గరికి వెళ్లి చెక్క చెక్కుచెదరకుండా ఉందని చూసి వచ్చాడట. దాంతో కోపం తగ్గాలి కదా, ఇంకా పెరిగింది. "కోయలేదు సరే. నా పడవ బొమ్మ పెట్టి ఊరందరి ముందు ఎగతాళి చేస్తన్నాడా?" అని గోరుతో ఫ్లెక్సును గీకి చూస్తున్నాడు. ఆ రోజు వల బాగుచేసుకుంటున్న పెద్దాయనే. తమ్ముడు తల దించుకుని నిలబడ్డాడు. చేయని తప్పుకు ఒక మనిషి మాట్లాడలేక నిలబడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇక్కడ తప్పు చేసింది నేను. పెదాల మీద అనుకుని చూసుకునే వ్యవధి కూడా లేకపోయింది.

"నేనే తీశానండీ" అన్నాను.  "ఈయనకు తెలియదు. ఆదివారం వచ్చి ఫోటో తీసుకున్నాను. మీరు అక్కడే ఉన్నారు. అడగడానికి భయమేసి అడగలేదు."

ఫోను తీసి ఆరు ఫోటోలూ చూపించాను. పెద్దాయన ఒక్కొక్కటి చూశాడు.

"ఆ పొద్దు అవతల ఎవరో గొణుగుతా ఉంటే మేక అనుకున్నా" అన్నాడు. జనంలో ఎవరో నవ్వారు. "అడిగుంటే ఏమైపోయేదమ్మా? తుడిచి ఇచ్చేవాణ్ణి గదా."

"తుడిస్తే ఆ ఉప్పు మరకలు పోతాయి కదండీ" అన్నాను. ఒకసారి నోరు తెరిచాక మూయడం ఎలాగో తెలియలేదు.

"యాడ ఉప్పు?"

చూపించాను. పెద్దాయన నా మొహంలోకి జాలిగా చూశాడు.

"ఉప్పు చారలు అడ్డంగా ఉంటాయి తల్లీ, నీళ్లు తాకినంత మేర. ఇది పైనించి కిందికి కారింది గదా. కాకి రెట్ట."

పులుసక్క నెమ్మదిగా తన బోర్డు వైపు తిరిగింది. భోజనం హోటలు పేరుకు కుడి పక్కన, నేను ప్రత్యేకంగా దిద్ది తెల్లబరిచిన రెట్ట. "దీన్నా పాపా నువ్వు షాపులో చూసుకుని మురిసిపోయింది" అంది. నేను చున్నీ సర్దుకున్నాను.

"రేకు ఉండనీ పాపా" అన్నాడు ముడన్న, కిందికి చూస్తూనే. "రెట్ట మాత్రం తీసెయ్."

 పెద్దాయన వెళ్లబోతూ బోర్డు కింద ఆగి తాడు వైపు చూశాడు. "ఇది నీ ముడే" అన్నాడు తమ్ముడితో. రెండేళ్లలో వాళ్లిద్దరి మధ్య తిట్టు కాని మొదటి మాట అదేనని పులుసక్క తర్వాత చెప్పింది.

 తిరుగు దారిలో నెల్లూరు దగ్గరపడ్డాక ఫ్లెక్సన్న అన్నాడు: "నోరుండాదే నీకు. రేపట్నించి కౌంటర్లో కూర్చో. వచ్చినోళ్లని నువ్వే అడిగి రాసుకో." నా ఉద్యోగం నిలిచిందన్నమాట, నేను దేన్నించి పారిపోయి వచ్చానో సరిగ్గా అక్కడ. ఆ రాత్రి డైరీలో ఏం రాయాలో తెలియక తేదీ మాత్రం వేసి పడుకున్నాను.

ఆ తర్వాత రెట్ట చెరపడానికి నాకు మూడు గంటలు పట్టింది. కింద చెక్క గీతలు కలిసేలా ఒక్కో చుక్కా పూడ్చాను. మొన్న మా అమ్మను మైపాడు తీసుకెళ్లినప్పుడు ఆ హోటల్లోనే తిన్నాం. బోర్డు ఇంకా చూరుకే ఉంది. ఎండకు రంగు వెలిసి, అంచులు లేచి, నేను పన్నెండుసార్లు దిద్దినా రాని వయసు దానికి దానంతటదే వచ్చింది. కుడి పక్కన, నేను చెరిపిన చోటికి బెత్తెడు దూరంలో, పైనుంచి కిందికి తెల్లగా ఒక చార. ఈసారి నిజం కాకిది. మధ్యాహ్నపు ఎండలో బోర్డు నీడ కూడా సరిగ్గా కిందికే పడింది.

"ఏందే, ఒక్కదానివే నవ్వుకుంటన్నావు?" అంది అమ్మ. నేను చెప్పడం మొదలుపెట్టాను. చెప్పి ముగించేసరికి పులుసు చల్లారిపోయింది. ఆ డైరీలోని పిల్ల పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంటే, ఇంత సేపు ఇంత గట్టిగా ఎవరు మాట్లాడుతున్నారా అని చున్నీ సర్దుకుంటూ తల దించుకునేది.