సెనక్కాయ అంటే శనగ కాదు

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, వర్షాకాల సమావేశాలకు నన్ను పార్లమెంటులో తెలుగు బూత్‌లో వేశారు. సభ్యులు తెలుగులో మాట్లాడుతుంటే అద్దాల గదిలో కూర్చుని వెంటవెంటనే ఇంగ్లీషులో చెప్పడం నా పని. మా ఇంగ్లీషు విని హిందీ బూత్ వాళ్లు తమ భాషలోకి మార్చుకుంటారు. అంటే నేను తప్పు చేస్తే అది రెండు భాషల్లో పాకుతుంది. నాది తెనాలి పక్క ఊరు. తెలుగులో నాకు తెలియని మాట ఉంటుందని అప్పటిదాకా అనుకోలేదు.

ఆ సమావేశాలకు చిత్తూరు వైపు నుంచి రత్నమ్మ గారు కొత్తగా గెలిచి వచ్చారు. పూతలపట్టు దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే కుటుంబం. ఆ ప్రాంతంలో వాళ్ల పార్టీ ఒక ఆడమనిషికి టికెట్ ఇవ్వడం అదే మొదలు. జీరో అవర్‌లో, అంటే అత్యవసర విషయాలు చెప్పుకునే వేళలో, ఆమెకు తొలి అవకాశం వచ్చింది. మూడు నిమిషాలు. తెలుగులో మాట్లాడతానని ముందుగానే రాసిచ్చారు.

"వానల్లేక మా తావుల్లో సెనక్కాయ పంట పొయ్యింది," అని మొదలుపెట్టారు. నేను శనగ అనుకుని, శనగలను ఇంగ్లీషులో ఏమంటారో అదే చెప్పేశాను. చివర్లో ఆమె, "ఊడలు నేల్లోకి దిగకుండానే ఎండిపొయినాయి," అన్నారు. శనగకు ఊడలేమిటి? పూత రాలాక నేలలోకి దిగి కాయ కట్టేవి వేరుశనగ ఊడలు. ఆమె సెనక్కాయ అన్నది వేరుశనగనన్నమాట. దిద్దేలోపే ఆమె సమయం అయిపోయి మైకు ఆగిపోయింది. మంత్రి లేచి, శనగ చలికాలపు పంట కదా, ఇంకా విత్తనమే వేయలేదు కదా అన్నారు. ఆయన తప్పేం లేదు. సభ నవ్వింది. ఆ నవ్వెందుకో తెలియక రత్నమ్మ గారు చెవిలోని యంత్రం తీసి చేత్తో పట్టుకుని నిలబడిపోయారు.

రికార్డులో మాట దిద్దించవచ్చు. ఆ సాయంత్రమే పై అధికారికి రాసిచ్చాను. నవ్వును దిద్దే పద్ధతి మాత్రం లేదు. మర్నాడు అనుమతి తీసుకుని లాబీలో ఆమెను కలిశాను. ఆమె చేతిలో ఎవరో రాసిచ్చిన ఇంగ్లీషు కాగితం ఉంది.

"నా మాట మోటుగా ఉండాదని నవ్వినారు గదా సారూ. ఇంక ఇట్లాంటిది సూసి సదివేస్తా," అన్నారు.

తప్పు మీ మాటది కాదమ్మా, నా చెవిది, అని జరిగింది చెప్పాను. ఆమె నా ముఖం చూసి పకపకా నవ్వి, "యాడ సారూ మీది?" అన్నారు. తెనాలి అన్నాను. "అట్లయితే మీకెట్ల తెలుస్తాది," అన్నారు. నేను అంతటితో ఊరుకోక, ఈసారి వేరుశనగ అనమని సలహా కూడా పారేశాను. అప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు.

"మా కూలోళ్లు టీవీలో ఇంటా ఉంటారు. వాళ్ల మాట నేనే ఇడిసిపెడితే నన్నెందుకు పంపినట్టు? మీరే నేర్సుకోండి."

మళ్లీ అవకాశం వచ్చిన రోజు సెనక్కాయ అనే అన్నారు, ఊడలనే అన్నారు. నేను వేరుశనగ అనే ఇంగ్లీషులోకి మార్చాను. ఈసారి మంత్రి పంట చూడటానికి అధికారులను పంపుతామని ప్రకటించారు. బూత్‌లో నా కళ్లు చెమర్చాయి, ఒప్పుకుంటాను.

ఆమె ఆ తర్వాత మరోసారి గెలిచారు. నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ సభలో తెలుగు వదల్లేదు. నేనూ ఆ రెండేళ్లు, ఎవరు మాట్లాడబోతున్నా ముందుగా వెళ్లి, వాళ్ల పంటను, పశువును, తిండిని వాళ్లింట్లో ఏమంటారో అడిగి రాసుకునేవాడిని. తెలియని మాటను తెలిసిన మాట అనుకోవడమే మా పనిలో పెద్ద తప్పు. తెలుగు నాదే అనుకున్నాను కాబట్టే ఆ తప్పు చేశాను.