నాలుగో గీత

హేచరీలో ఆవిడని అందరూ ఐదులక్క అనే పిలుస్తారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది జీతాల రిజిస్టరులో తప్ప ఎక్కడా కనబడదు. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లల్ని కుడిచేత్తో మూడు, ఎడమచేత్తో రెండు ఒక్క ఊపున ఎత్తి అట్టపెట్టెలోకి జారవిడవడం ఆవిడ పని. ఇరవై ఊపులకి వంద. పదిహేనేళ్లు అదే పని చేసేసరికి లోకమంతా ఆవిడకి ఐదులుగానే కనబడసాగింది. మెట్లెక్కితే ఐదులు, బట్టలు ఆరేస్తే క్లిప్పులు ఐదులు. పెళ్లయి ఎన్నేళ్లయిందమ్మా అని అడిగిన పాపానికి "నాలుగైదులూ పైన రెండూ" అని జవాబొచ్చేది. అడిగినవాళ్లు వేళ్లు మడిచి చూసుకోవాల్సిందే.

వంద నిండాక ప్రతి పెట్టెలో ఇంకో రెండు పిల్లల్ని వేస్తారు. దారిలో ఒకటో రెండో చచ్చిపోయినా కొన్నవాళ్లతో మాట పడకుండా ఉండటానికి. ఆ రెండింటినీ ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఐదులక్కకి ఆ పద్ధతి మొదట్లో మింగుడుపడలేదు గానీ, పోనుపోను అలవాటైపోయింది.

పిల్లల్ని రాత్రి చల్లదనంలో ఫారానికి చేరవేసే వ్యాను ఆవిడ భర్త నడిపేవాడు. బండి హేచరీదే అయినా, ఇరవై ఏళ్లుగా దాని స్టీరింగు వదలనివాడు కాబట్టి యజమాని కూడా "మీ బండి" అనే అనేవాడు. ఏడాదిన్నర కిందట ఒక ఉదయం ఆయన గడ్డం గీసుకుని బయటికొచ్చాడు. కుడి చెంప నున్నగా ఉంది, ఎడమ చెంప నిండా నురగ అలాగే ఉంది. తల్లీ, భార్యా కడుపుబ్బ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఐదులక్కకి ఇప్పటికీ తనమీద తనకే అసహ్యం వేస్తుంది.

తలలో చిన్న నరం మూసుకుపోయిందన్నారు ఆసుపత్రిలో. కాళ్లూ చేతులూ మాటా అన్నీ బాగానే ఉన్నాయి. రెండు కళ్లకీ ఎడమవైపు సగం మాత్రం పోయింది.

"కనబడకపోవడం కాదమ్మా అసలు చిక్కు," అన్నాడు డాక్టరు ఆవిడని పక్కకి పిలిచి. "కనబడటం లేదని ఆయనకి తెలియకపోవడం."

అది ఎంత నిజమో ఇంటికొచ్చాక తెలిసింది. కంచంలో కుడివైపున్నది తినేసి, ఇంతేనా పెట్టింది అన్నట్టు చూసేవాడు. తల్లి ఏమీ అనకుండా కంచాన్ని ఇటు తిప్పేది, ఆయన మళ్లీ తినేవాడు. ఆ తిప్పడం గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. పెద్దావిడకి కిందటేడే రెండు కళ్లకీ శుక్లాలు తీశారు. వీధి చివర వస్తున్న మనిషి చొక్కా గుండీలు కూడా లెక్కపెడతానని ఆవిడ గొప్ప.

యజమాని మంచివాడే, రెండు నెలలు గడువిచ్చాడు. ఆ రెండు నెలల్లో ఐదులక్క బండి నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, ఆ సీట్లో కూర్చుంది. అప్పటినుంచి వారానికి మూడు రాత్రులు బండి, మిగతా రోజుల్లో హేచరీలో పెట్టెల పని. అన్నీ భర్తే నేర్పాడు. అందులో ముఖ్యమైనది డీజిలు లెక్క. ఆ ముసలి బండిలో డీజిలు ముల్లు ఆరేళ్ల నుంచీ సగం దగ్గరే బిగుసుకుపోయి ఉంది. కిలోమీటర్ల అంకెలు అంతకుముందే ఆగిపోయాయి. బాగుచేయించమంటే యజమానికి చెముడొస్తుంది. అందుకని ఆయన డాష్‌బోర్డు మీద సుద్దముక్కతో గీతలు గీసేవాడు. ఫారానికి వెళ్లి రావడం నూట ఇరవై కిలోమీటర్లు, ఫుల్ ట్యాంకుకి ఐదు ట్రిప్పులు. ట్రిప్పుకో నిలువు గీత, ఐదోదానికి అడ్డగీత, అప్పుడు బంకు. ఐదులక్కకి ఇంతకంటే నచ్చే లెక్క లోకంలో ఉంటుందా! ముల్లు అబద్ధమాడినా గీత ఆడదని ఆయన అంటే, ఆవిడ తలకెక్కించుకుంది.

ఆ రాత్రి ఆవిడ నాలుగో గీత గీసి బయల్దేరింది. వెనకాల ముప్పై పెట్టెలు, మూడువేల అరవై పిల్లలు, గాలి ఆడటానికి ఇంజనుతో తిరిగే రెండు ఫ్యాన్లు. ఒంటిగంట దాటింది. రోడ్డు మీద నరపురుగు లేదు. రైలుపట్టాల మీది వంతెన ఎక్కుతుంటే బండి ఒక్కసారి గుంజింది. ఐదులక్క గేరు తగ్గించింది. మళ్లీ గుంజింది. దిగుడులోకి వచ్చాక ఏమీ ఎరగనట్టు మామూలుగా పోసాగింది.

ఎత్తులో గుంజి చదునులో సర్దుకుంటే ట్యాంకు అడుగంటిందని అర్థం. అది కూడా ఆయన నేర్పిందే. ఆవిడ లైటు వేసి గీతలు చూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చెరిపి గీసిన గుర్తులు కూడా లేవు. ఇంకో రెండొందల కిలోమీటర్ల డీజిలు ఉండాలి. ఒళ్లంతా చల్లబడింది.

బంకు పదకొండు కిలోమీటర్లు ముందుకి ఉంది. డీజిలు పూర్తిగా అయిపోతే పైపుల్లోకి గాలి చేరుతుంది, అప్పుడు డీజిలు తెచ్చి పోసినా మెకానిక్కు రాందే బండి కదలదు. బండి ఆగితే ఫ్యాన్లు ఆగుతాయి. ఫ్యాన్లు ఆగితే పిల్లలన్నీ ఒకదానిమీదొకటి ఎక్కి కుప్పపడి, అరగంటలో అడుగునున్నవి ఊపిరాడక పోతాయి. వందకి రెండు ఎక్కువ వేసింది ఇలాంటి రాత్రి కోసం కాదు. యజమాని మంచితనం కూడా అంతవరకూ సాగదు. ఇంట్లో ఉన్న ముగ్గురి తిండీ ఈ ఒక్క స్టీరింగు మీద నడుస్తోంది.

పై గేరులో పెట్టి, ఎక్కడా బ్రేకు మీద కాలెయ్యకుండా నెమ్మదిగా పోనిచ్చింది. రోడ్డు పక్క స్తంభాలు ఐదేసి లెక్కపెట్టుకుంటూ, చెవులు వెనక్కి పెట్టి కూర్చుంది. పిల్లలు హాయిగా ఉంటే సన్నగా, ఎడతెరిపి లేకుండా కిచకిచమంటాయి. గాలి తగ్గితే ఆ గొంతు కీచుగా మారుతుంది. ఇంకా మారలేదు. దారిలో చిన్న మిట్టొకటి వచ్చినప్పుడు బండి మూడుసార్లు వరసగా గుంజి, ఇక ఆగిపోతుందనగా ఎలాగో అవతలికి దొర్లింది. బంకు దీపాలు కనబడేసరికి ఐదులక్క చేతులు స్టీరింగుకి అంటుకుపోయి ఉన్నాయి.

బంకులో కునుకుతీస్తున్న పెద్దాయన లేచి వచ్చి పోశాడు. పోస్తూనే ఉన్నాడు. ఆఖరికి పైపు తీసి, ఇంకో కిలోమీటరు నడిపి ఉంటే తెల్లారేదాకా రోడ్డు మీదే ఉండేదానివమ్మా అన్నాడు. ఎవరో డీజిలు లాగేసి ఉంటారని కూడా అన్నాడు. ఐదులక్క అదే అనుకుని నాలుగు తిట్లు సిద్ధం చేసుకుంది. కానీ ట్యాంకు మూతకి తాళం ఉంది, తాళం చెక్కుచెదరలేదు. దాని తాళంచెవి బండి తాళాల గుత్తికే ఉంటుంది. ఒక గుత్తి తన దగ్గర. రెండోది ఇంట్లో మేకుకి.

అప్పుడు పెద్దాయన టార్చి వేసి, ఇటుపక్క ఎక్కడ రాసుకుందమ్మా అని అడిగాడు.

బండికి ఎడమవైపు, తలుపు మొదలుకుని వెనక చక్రం దాకా ఒక ఎర్రటి గీత. రేకు సొట్టపడి ఉంది. ఇంటి దగ్గర బండిని ఎడమపక్క గోడకి ఆనించి పెడతారు, ఐదులక్క ఎక్కేది కుడి తలుపులోంచి, పెట్టెలు ఎక్కించేది వెనకనుంచి. ఆ పక్కని చూసి ఎన్నాళ్లయిందో ఆవిడకే తెలియదు. తలుపు తీసి చూస్తే ఎడమ సీటు కింద అత్తగారు నడుముకి పెట్టుకునే చిన్న దిండు ఇరుక్కుని ఉంది.

పది రోజులుగా ఎప్పుడెక్కినా తన సీటు వెనక్కి జరిగి ఉండేది. కింద తుడిచానులే అనేవాడు భర్త. పోనీలే, ఆయనకీ ఏదో ఒక పని దొరికింది అనుకుని ఆవిడ సంతోషించింది కూడా. మాయమైంది రెండొందల కిలోమీటర్లు. పది రోజులు, రోజుకి ఇరవై. బండి నడిపిన రోజుల్లో ఆయన ఎప్పుడూ ఆపుకుని టీ తాగే, కాలవ మీది పెద్ద వంతెన ఇంటికి సరిగ్గా పది కిలోమీటర్లు. లెక్క తేలేసరికి ఐదులక్క అక్కడే బంకు గట్టు మీద కూలబడింది. పెద్దాయన కంగారుపడి నీళ్లు తెచ్చిచ్చాడు.

పిల్లల్ని ఫారంలో దించిన సంగతి ఆవిడకి సరిగా గుర్తులేదు. మూడువేల అరవైలో ఎనిమిది పోయాయి. ఫారం ఆయన మెచ్చుకున్నాడట. ఇంటికొచ్చేసరికి తెల్లవారింది. తల్లీ కొడుకూ వంటింట్లో బల్ల దగ్గర టీ తాగుతున్నారు. భర్తకి కుడివైపు ఖాళీ కుర్చీ ఉంది. ఐదులక్క దాని వెనక నిలబడి, దిండు తీసి బల్ల మీద పెట్టింది.

ఆయన దాచకుండానే చెప్పాడు. నువ్వు పొద్దున పడుకున్నాకో, పనికి వెళ్లాకో వంతెన దాకా వెళ్లొస్తున్నానన్నాడు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందన్నాడు. అమ్మ పక్కనుండి ఎడమవైపు ఏమొస్తున్నాయో చెబుతుంది, ఇరవై ఏళ్ల చెయ్యి ఊరికే పోతుందా అన్నాడు. గీత గియ్యకపోవడం మాత్రం తప్పేనని ఒప్పుకున్నాడు, అదొక్కటే తప్పయినట్టు.

"ఆ ఎర్ర గీత ఎక్కడిదండీ?"

"ఏ ఎర్ర గీత?" అన్నాడాయన. నటన కాదు, నిజంగానే తెలియదు. కాసేపు ఆలోచించి, "ఆ, మొన్న ఏదో తగిలినట్టయింది. అమ్మ గోడ అంది," అన్నాడు.

ఐదులక్క అత్తగారి వైపు తిరిగింది. "గోడకి ఎరుపెక్కడిది అత్తయ్యా?"

పెద్దావిడ చేతిలో గ్లాసు కింద పెట్టింది. ఆవిడ కొడుక్కి ఎడమవైపు కూర్చుని ఉంది, ఎప్పటిలాగే.

"గోడ కాదమ్మాయ్. సైకిలు. చిన్నపిల్లలు తొక్కుకునేది. వీధి కుళాయికి ఆనించి ఉంది." ఆవిడ గ్లాసుని బల్ల మీదే ఇటూ అటూ తిప్పింది. "పిల్ల పక్కనే చేతులు కడుక్కుంటోంది. రెండడుగులు కూడా లేదు. అటునించి వచ్చే లారీని చూస్తున్నాను నేను. సైకిలు పడ్డ చప్పుడయ్యాకే చూశాను."

"ఆ పిల్లకి ఏమైనా..."

"ఏమీ కాలేదు. ఏడవలేదు కూడా. మన బండి వంకే చూస్తూ నిలబడిపోయింది. మేం ఆగలేదు."

ఐదులక్క బల్ల చుట్టూ తిరిగి అత్తగారి దగ్గరికి వెళ్లింది. ఆవిడ మీద చెయ్యి వెయ్యాలో, కేకలు వెయ్యాలో తోచలేదు. మర్నాడు కూడా బండెక్కారా అని మాత్రం అడిగింది.

"ఎక్కాను. వద్దంటే వీడు ఆగడు. నేనెక్కకపోతే ఒక్కడే వెళ్తాడు." పెద్దావిడ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కంచం తిప్పినట్టు రోడ్డుని కూడా ఎంతని తిప్పుతాను తల్లీ?"

ఆయన కదల్లేదు. టీ చల్లారి పైన మీగడ కట్టింది. ఐదులక్కకి కోపం రావాలి, రాలేదు. రాత్రి రైలు వంతెన మీద బండి గుంజినప్పటి చలే ఒంట్లోంచి ఇంకా పోలేదు.

"కోడిపిల్లలకైతే వందకి రెండు ఎక్కువ వేస్తామండీ," అంది చివరికి, చాలా మెల్లగా. "మనుషులకి ఎవరు వేస్తారు?"

ఆయన టీ గ్లాసు పక్కకి జరిపాడు.

"ఆ పిల్ల ఎటుపక్కుందమ్మా?"

"ఎడమపక్క నాన్నా," అంది తల్లి.

ఆయన లేచి నిలబడ్డాడు. చొక్కా జేబులోంచి రెండో తాళాల గుత్తి తీశాడు. కుడివైపున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి, అక్కడ భార్య ఉందనుకుని, ఆ గుత్తిని ముందుకి చాపాడు.

"తీసుకో," అన్నాడు. "ఇంక నాకివ్వకు."

ఐదులక్క ఆయనకి ఎడమవైపు నిలబడి ఉంది, చెయ్యి జాపితే భుజం తగిలేంత దగ్గరగా. ఆయన మాత్రం ఆ ఖాళీ కుర్చీ వైపే చూస్తూ, ఎవరైనా తీసుకుంటారని అలాగే చెయ్యి చాపుకుని ఉన్నాడు.