ఆంప్లిఫయర్‌కి పెట్టిన బొట్టు

మా అక్కయ్య ఇందిరాదేవికి అన్నీ అతే. కూరలో కారమైనా, పూజలో కుంకుమైనా చెయ్యి ఆపుకోలేదు. నేనంటే తిట్టినట్టుంటుంది గానీ, చివరికి ఆ అతే ఆమెను ఏడిపించింది.

మా బావగారు జానకిరామయ్య భవానీపురంలో లెక్కల మాస్టారు. విడిభాగాలు కొనుక్కొచ్చి ఆంప్లిఫయర్ తనే బిగించుకున్నారు. దానికి టేప్ రికార్డర్ తగిలించి, తను పాడిన పద్యాలు తనే విని మురిసిపోయేవారు. డెబ్బై నాలుగు దసరాకి అక్కయ్య సైకిలుకీ, కత్తిపీటకీ పెట్టినట్టే ఆ ఆంప్లిఫయర్‌కీ, దాని నాబ్‌కీ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చల్లింది. ఆ చలికాలంలోనే బావగారు గుండె ఆగి పోయారు.

ఆయన గొంతున్న టేపు ఒక్కటి మిగిలింది. ఏడాది తిరిగి ఏడూడి అయ్యేదాకా ఇంట్లో పాటలు వద్దన్నారు పెద్దలు. అదీ అయ్యాక ఆశగా పెడితే, ఒకటే గరగర. మాట ఒక్కటీ తెలియలేదు.

"టేపు పాడైపోయిందే, ఇక వదిలెయ్యి" అన్నాను. అంతే, నాతో మాటలు మానేసింది. రోజూ ఆ పెట్టె ముందు కూర్చుని ఆ గరగరే వినేది. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది, ఏడుపూ వచ్చేది.

చివరికి నేనే రేడియో మెకానిక్ లాజరుగారిని పిలుచుకొచ్చాను. ఆయన టేపు ఆపేసి, ఉత్త ఆంప్లిఫయర్ పెట్టి వాల్యూమ్ తిప్పారు. అప్పుడూ గరగరే.

"టేపుకేం కాలేదమ్మా. జబ్బంతా ఇక్కడుంది" అంటూ నాబ్ పీకి, వెనకున్న చిన్న డబ్బీ విప్పారు. లోపల ఎర్రటి పెచ్చు. "కుంకుమండీ! కొబ్బరినీళ్లకి గడ్డకట్టేసింది. ఎవరు పెట్టారు?"

"నేనే" అంది అక్కయ్య. "నా చేత్తో నేనే ఆయన గొంతు నొక్కేశానా, లాజరుగారూ?"

ఆ ఎరుపు మీంచి ఆమె చూపు కదల్లేదు. బావగారు పోయాక కుంకుమ భరిణె ఆమెను ముట్టుకోనిచ్చిందెవరు? లాజరుగారు స్పిరిట్ దూది పట్టుకుని ఆగిపోయారు.

"తుడిచెయ్యమంటారామ్మా?"

"తుడవండి. నాకు ఆయన మాట కావాలి."

తుడిచి, బిగించి, టేపు పెట్టారు. మైకు పరీక్షకి లోకమంతా హలో హలో అంటుంది. మా బావగారు అలా అనలేదు.

"ఇందిరా... ఇందిరా... వంటింట్లోకి వినిపిస్తోందా?"

అక్కయ్య చప్పున లేచి వంటింట్లోకి పరిగెత్తింది.

"వినిపిస్తోందండీ!" అని అక్కణ్ణుంచి కేకేసింది.